డ్రేక్, కుక్ సరే. తెలుగు నేలకి వచ్చిన ఇంగ్లీషు యాత్రికుడు ఎవరు?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎనిమిదో తరగతి చదివే పాప ప్రాజెక్టు కోసం డ్రేక్, కుక్ కాకుండా తెలుగు ప్రాంతానికి వచ్చిన ఇంగ్లీషు అన్వేషకుడు ఎవరైనా ఉన్నారా అన్నది మొదటిది. వాళ్ళు నిజంగా కొత్త దారులు కనిపెట్టారా, లేక బేరసారాలకి వచ్చినవాళ్ళకి తర్వాత ఆ పేరు తగిలించారా అన్నది రెండోది. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. క్లాసులో కూడా పిల్లలు దాదాపు ఇదే అడిగేవాళ్ళు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటిదానికి జవాబు రాల్ఫ్ ఫిచ్. లండన్ వర్తకుడు. 1583లో ఇంట్లోంచి బయల్దేరి 1591లో తిరిగొచ్చాడు. మధ్యలో గోల్కొండ చూశాడు, మచిలీపట్నం గురించి రాశాడు. పాఠ్యపుస్తకాల్లో ఈయన పేరు ఒక్క లైనుకి మించి కనపడదు. ఓడ కెప్టెన్ కాదు, యుద్ధాలు చేయలేదు, ఏ ద్వీపానికీ తన పేరు పెట్టలేదు. మీ రెండో ప్రశ్నకి మాత్రం ఈయన ప్రయాణాన్ని మించిన జవాబు లేదు.

ముందు కాస్త నేపథ్యం. సముద్రయానాల్లో ఇంగ్లీషువాళ్ళు బాగా వెనకబడ్డారు. వాస్కో డ గామా 1498లోనే కాలికట్ చేరాడు. తూర్పుకి ఆఫ్రికా చుట్టూ పోయే దారి పోర్చుగీసుల చేతిలో, పడమటి దారి స్పెయిన్ చేతిలో ఉండిపోయాయి. దాంతో ఇంగ్లీషువాళ్ళు ఉత్తరాన మంచులోంచి దారి వెతికారు. 1553లో విలోబీ, చాన్సలర్ అనేవాళ్ళు రష్యా పైభాగం చుట్టి చైనా చేరాలని బయల్దేరితే, విలోబీ తన మనుషులతో సహా కోలా తీరాన చలికాలంలో చనిపోయాడు. చాన్సలర్ తెల్ల సముద్రంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మాస్కో చేరి, చైనా బదులు ఇవాన్ చక్రవర్తితో వ్యాపార ఒప్పందం పట్టుకొచ్చాడు. 1570లలో ఫ్రోబిషర్ కెనడా ఉత్తరాన ఉన్న బాఫిన్ దీవి నుంచి బంగారం అనుకుని వెయ్యి టన్నులకి పైగా రాళ్ళు మోసుకొచ్చాడు. కరిగించి చూస్తే అందులో బంగారం లేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఇలా మంచులో చేతులు కాల్చుకున్నాక లండన్ వర్తకులకి మూడో ఆలోచన తట్టింది. టర్కీ సుల్తానుతో అప్పటికే వ్యాపారం మొదలైంది. సిరియాలోని అలెప్పో దాకా ఇంగ్లీషు సరుకు పోతోంది. అక్కణ్ణుంచి బాగ్దాద్, బస్రా మీదుగా ఇండియా దాకా ఒంటె బిడారులు, పడవలు వందల ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి. ఆ దారినే పోయి చూస్తే? ఎడ్వర్డ్ ఆస్బోర్న్, రిచర్డ్ స్టేపర్ అనే వర్తకులు డబ్బు పెట్టారు. జాన్ న్యూబెరీ నాయకుడు. అతను అంతకుముందే పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్ దాకా వెళ్ళొచ్చినవాడు. అతనితో ఫిచ్, ఎల్‌డ్రెడ్ అనే ఇంకో వర్తకుడు, రత్నాల పని తెలిసిన లీడ్స్, స్టోరీ అనే చిత్రకారుడు. ఎలిజబెత్ రాణి అక్బర్‌కి రాసిన ఉత్తరం కూడా వెంట ఉంది. అందులో ఆయన పేరు జెలబ్దిమ్ ఎకెబార్, హోదా కాంబే (గుజరాత్‌లోని ఖంబాత్ రేవు) రాజు. జలాలుద్దీన్ అక్బర్ గురించి లండన్‌కి తెలిసింది ఆ మాత్రమే.

వాళ్ళెక్కిన ఓడ పేరు టైగర్. సిరియా తీరంలో ట్రిపోలీలో దిగి, అలెప్పో, యూఫ్రటీస్ నది, బాగ్దాద్, బస్రా మీదుగా వెళ్ళారు. ఎల్‌డ్రెడ్ వ్యాపారం చూసుకోడానికి బస్రాలో ఆగిపోయాడు. మిగతావాళ్ళు పోర్చుగీసుల చేతిలో ఉన్న హోర్ముజ్ దీవికి చేరారు. అక్కడ ఒక వెనిస్ వర్తకుడు వీళ్ళు గూఢచారులని ఫిర్యాదు చేశాడు. పోటీ వస్తుందని అతని భయం. విచారణలో పోర్చుగీసు అధికారి అడిగిన ప్రశ్నల్లో ఒకటి డ్రేక్ గురించి. కొన్నేళ్ళ ముందు ప్రపంచం చుట్టొస్తూ డ్రేక్ మసాలా దీవుల దగ్గర మా ఓడ మీద ఫిరంగి పేల్చాడట కదా, దానికేమంటారు అని. ప్రాజెక్టులో డ్రేక్‌ని పెట్టాల్సిందే అంటే ఇక్కడ పెట్టండి. డ్రేక్ పేల్చిన గుండ్లకి ఫిచ్ జైల్లో కూచున్నాడు.

అందర్నీ గోవాకి పంపి అక్కడ బంధించారు. విడిపించింది ఇద్దరు. ఒకరు థామస్ స్టీఫెన్స్, 1579లోనే గోవా వచ్చిన ఇంగ్లీషు జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) పాదరీ. తర్వాత మరాఠీలో పద్యకావ్యం రాసినవాడు ఈయనే. ఇంకొకరు లిన్‌షోటెన్ అనే డచ్చి యువకుడు, గోవా ఆర్చిబిషప్ దగ్గర కార్యదర్శి. ఈ రెండో ఆయన్ని గుర్తుపెట్టుకోండి. ఆర్చిబిషప్ కొలువులో ఉంటూనే ఆయన పోర్చుగీసుల సముద్రమార్గాల వివరాలన్నీ సేకరించుకున్నాడు. 1596లో హాలెండులో అచ్చేయించాడు, రెండేళ్ళలో ఇంగ్లీషులోకి అనువాదమైంది. పోర్చుగీసులు వందేళ్ళు దాచుకున్న గుట్టు అలా బజారున పడింది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అంత తొందరగా తూర్పు సముద్రాల్లోకి రాగలిగారంటే దానికి ఆ సమాచారం పెద్ద కారణం.

స్టోరీ గోవాలోనే ఉండిపోయాడు. చర్చికి బొమ్మలేసేవాడు దొరికాడని జెస్యూట్లు సంతోషించారు. మిగతా ముగ్గురూ హామీ మీద బయట ఉండి చిన్న దుకాణం పెట్టుకున్నారు. మళ్ళీ పట్టుకుని పోర్చుగల్ పంపేస్తారేమోనన్న టెన్షన్ మాత్రం తగ్గలేదు. ఒక పండగ రోజు తిండి, పానీయాలు పడవలో వేసుకుని ఏరు దాటి సరదాగా గడపడానికి పోతున్నట్టు పోయి, అటునుంచి అటే పారిపోయారని లిన్‌షోటెన్ రాశాడు. బెల్గాం, బీజాపూర్ మీదుగా ఆ ముగ్గురూ గోల్కొండ చేరారు.

అప్పటికి చార్మినార్ ఇంకా లేదు, హైదరాబాద్ పుట్టలేదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా రాజ్యమేలుతున్నాడు. ఫిచ్ ఊరు బాగుందన్నాడు. ఇటుక, కలపతో కట్టిన మంచి ఇళ్ళు, బోలెడు పళ్ళు, మంచినీళ్ళు ఉన్నాయని రాశాడు. విపరీతమైన ఎండ అన్నాడు. ఆడామగా నడుముకి గుడ్డ చుట్టుకుని తిరుగుతారన్నాడు. మే చివర "చలికాలం" మొదలవుతుందని రాశాడు, ఆయన చెప్పేది వానల గురించి. ఈ రాజ్యాల్లోనే మేలిరకం వజ్రాలు దొరుకుతాయన్నాడు. ఆ తర్వాత వాక్యం ముఖ్యం. ఇక్కణ్ణుంచి ఎనిమిది రోజుల దూరంలో బంగాళాఖాతం వైపు మసులిపటాన్ అనే రేవు ఉంది, పెగూ (బర్మా) నుంచీ సుమత్రా నుంచీ మిరియాలు, మసాలాలు నింపుకుని ఓడలు వస్తాయి అని.

గోల్కొండ కోట గురించి ఒక్క ముక్క లేదు, రాజు దర్బారు గురించీ పెద్దగా లేదు. ఏ రేవుకి ఏ దేశపు ఓడ ఏ సరుకుతో వస్తుంది, ఎన్ని రోజుల దారి, ఇదే ఆయన చూపు. పుస్తకం మొత్తం ఇంతే. మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అక్కణ్ణుంచి బుర్హాన్‌పూర్, ఉజ్జయిని మీదుగా ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ. ఆ రెండు ఊళ్ళూ ఒక్కొక్కటి లండన్ కంటే చాలా పెద్దవని ఫిచ్ ఒప్పుకున్నాడు. రెంటి మధ్య దారంతా సంతే, ఊరు దాటినట్టే ఉండదట. లీడ్స్‌ని అక్బర్ కొలువులో పెట్టుకుని ఇల్లు, గుర్రం, అయిదుగురు బానిసలు, రోజువారీ జీతం ఇచ్చాడు. అతను అక్కడే ఉండిపోయాడు. 1585 సెప్టెంబరులో న్యూబెరీ లాహోర్ మీదుగా ఇంటిదారి పట్టాడు. పోతూ పోతూ ఫిచ్‌కి మాటిచ్చాడు: రెండేళ్ళలో ఇంగ్లండు నుంచి ఓడ తీసుకుని బెంగాల్ రేవుకి వస్తాను, నువ్వు ఈలోపు ఆ దేశాలు చూసి ఉండు అని. ఆ తర్వాత న్యూబెరీ ఎవరికీ కనపడలేదు. ఏ ఎడారిలో పోయాడో, ఎవరు చంపారో జాడ లేదు.

ఫిచ్ ఒంటరిగా మిగిలాడు. ఆగ్రాలో ఉప్పు, నల్లమందు, ఇంగువ, సీసం, తివాచీలు నింపుకుని బెంగాల్‌కి పోతున్న 180 పడవల గుంపులో తనూ ఎక్కాడు. యమున, గంగల మీదుగా ప్రయాగ, కాశీ, పాట్నా దాటి అయిదు నెలలకి సాత్‌గావ్ రేవు చేరాడు. దారిలో కూచ్ బిహార్ కూడా చూశాడు. అక్కడ మేకలకీ కుక్కలకీ పక్షులకీ ఆసుపత్రులున్నాయనీ, చిల్లరకి బాదం పప్పు వాడతారనీ రాశాడు. సోనార్‌గావ్ నూలుగుడ్డంత సన్నది ఇండియాలో ఇంకెక్కడా లేదన్నాడు. 1586 నవంబరులో ఓడెక్కి బర్మాలోని పెగూ, అక్కణ్ణుంచి ఉత్తరాన చియాంగ్‌మాయ్, 1588లో మలక్కా చూశాడు. వెనక్కి తిరిగి బెంగాల్, కొచ్చిన్, మళ్ళీ గోవా (జైలు పెట్టిన ఊరే, మూడు రోజుల్లో జారుకున్నాడు), హోర్ముజ్, బస్రా, అలెప్పో. 1591 ఏప్రిల్ 29న లండన్. అప్పటికే చనిపోయాడనుకుని 1590లో వీలునామా అమలు చేసేశారు.

పెగూ గురించి ఫిచ్ రాసినదాంట్లో చాలా భాగం తనకంటే ముందు అక్కడ తిరిగిన ఇటలీ వర్తకుడు ఫెడరీచి రాతల్లోంచి ఎత్తుకున్నదే. ఆ రోజుల్లో అది తప్పుగా అనుకునేవాళ్ళు కాదు కానీ, పాప ఎక్కడైనా "ఫిచ్ కళ్ళారా చూసి రాశాడు" అని రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి. గోల్కొండ ముక్కకి మాత్రం ఆ అనుమానం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఎనిమిదేళ్ళలో ఫిచ్ ఒక్క కొత్త దారి కూడా కనిపెట్టలేదు. నడిచిన ప్రతి అడుగూ అప్పటికే బాగా నలిగిన బాటే. అరబ్బు పడవవాళ్ళు, ఆగ్రా షాహుకార్లు, బెంగాల్‌లో స్థిరపడ్డ పోర్చుగీసులు, పెగూకి పోయే తెలుగు, తమిళ వర్తకుల ఓడలు ఉన్న ప్రపంచం అది. ఆర్టీసీ బస్టాండులో కూచుని ఏ బస్సు ఎటు పోతుందో రాసుకున్నట్టుంది ఆయన పని. కానీ ఆ రాసుకున్నదానికి లండన్‌లో ఎంత విలువ వచ్చిందో చూడండి. 1600లో ఈస్టిండియా కంపెనీ పెట్టబోతూ ఫిచ్‌నీ ఎల్‌డ్రెడ్‌నీ పిలిచి సలహా అడిగారు. 1606లో తూర్పు రాజులకి జేమ్స్ రాజు చేత ఉత్తరాలు రాయించాల్సి వచ్చినప్పుడు, ఎవరికి ఏ బిరుదు వాడాలో ఫిచ్‌ని కనుక్కోమని కంపెనీ మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. అక్బర్‌ని కాంబే రాజు అని రాసిన దేశానికి అలాంటి మనిషి అవసరమే మరి.

ఫిచ్ 1611లో చనిపోయాడు. సరిగ్గా ఆ ఏడాదే కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం వచ్చింది. కెప్టెన్ ఆంథనీ హిప్పన్. బందరులో, నిజాంపట్నంలో కొట్లు తెరిచారు. ఎందుకు వచ్చారో తెలిస్తే మీ పాపకి మంచి పాయింటు. వాళ్ళకి కావలసింది మిరియాలు, జాజికాయ. అవి జావా, సుమత్రా, మసాలా దీవుల్లో ఉన్నాయి. అక్కడివాళ్ళకి ఇంగ్లండు ఉన్ని బట్టలు ఎందుకు? వాళ్ళు అడిగేది మన తీరం నేత, అద్దకం బట్టలు. చిరివేరుతో వేసే ఎర్ర రంగు ఉతికినా పోదు, దానికి అక్కడ తెగ గిరాకీ. అంటే మిరియాలు కొనాలంటే ముందు బందరు వచ్చి బట్ట కొనాలి. గ్లోబ్ చేసింది అదే. ఇక్కడ బట్ట నింపుకుని జావాలోని బాంటమ్, మలయా ద్వీపకల్పంలోని పటానీ, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) వెళ్ళింది. డచ్చివాళ్ళకి ఈ లెక్క ముందే తెలుసు, వాళ్ళు 1605 నుంచే బందరులో ఉన్నారు.

గ్లోబ్ మీద పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చి వర్తకుడు ఇంగ్లీషువాళ్ళ కొలువులో ఉన్నాడు. ఆయన రాసుకున్నవాటిలో ఒక సంఘటన నాకు చాలా ఇష్టం. తిరుగుప్రయాణంలో మళ్ళీ బందరు వచ్చినప్పుడు, 1614లో, ఇక్కడి పెద్దల నుంచి రావలసిన బాకీ ఎంతకీ రాలేదు. ఇవాళ రేపు అంటున్నారు. విసిగిపోయిన ఫ్లోరిస్ రేవు అధికారి కొడుకు వెంకటాద్రిని పట్టుకుని ఓడలో కూచోబెట్టాడు. డబ్బు కడితేనే వదులుతానన్నాడు. వచ్చిన చిక్కు ఏమిటంటే వెంకటాద్రి బ్రాహ్మడు. తను స్వయంగా వండుకున్నది తప్ప పరుల ఇంట ముట్టడు, నీళ్ళు కూడా తాగడు. ఓడలో పస్తులున్నాడు. ఫ్లోరిస్‌కే జాలేసింది. ఇతని బదులు పెద్దింటి ముసల్మానులు ఇద్దరు వచ్చి కూచుంటే వదిలేస్తానని కబురు పెట్టాడు. ఒక్కరూ ముందుకి రాలేదు. చివరికి బాకీ కట్టాకే వెంకటాద్రి ఒడ్డుకి చేరాడు.

ఈ గొడవని రెండు వైపుల నుంచీ చూడాలి. బాకీ ఎగ్గొట్టబోయింది మనవాళ్ళు, మనిషిని బందీ చేసింది వాళ్ళు. 1614లో ఇంగ్లీషువాళ్ళకి తెలుగు తీరం మీద అంతకు మించి బలం లేదు. ఒక మనిషిని పట్టుకోగలరు, ఊరిని పట్టుకోలేరు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానాతో ఏడాదికి 500 వరహాలు సుంకం కట్టి గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చని అనుమతి దొరికితే, దాన్ని వాళ్ళు బంగారు ఫర్మానా అని మురిసిపోయారు. "వచ్చీ రాగానే దోచుకున్నారు" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. దోపిడీ జరిగింది, కాదనను. కానీ మొదటి వందేళ్ళకి పైగా వాళ్ళు గుమ్మం బయట నిలబడి అనుమతులు అడుక్కున్నవాళ్ళు. ఆ వందేళ్ళ సమాచారం చేతిలో ఉండబట్టే తర్వాతి వందేళ్ళు అలా నడిచాయి.

బందరు కొఠీ పెద్దగా 1618 నుంచి 1622 దాకా పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ గురించి కూడా ఒక పేరా రాయించండి. గోల్కొండ రాజ్యం మీద ఇంగ్లీషులో వివరంగా రాసిన మొదటివాళ్ళలో ఈయన ఒకడు. బందరు గురించి చెబుతూ ఒకప్పటి బెస్తల పల్లె, గోడ లేదు, ఇళ్ళు బాగా కట్టలేదు, ఉన్న చోటు మంచిది కాదు, నీళ్ళు ఉప్పన అని ఏకిపారేశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనికి స్వయంగా వెళ్ళాడు. అక్కడ 30,000 మంది దాకా పనిచేస్తున్నారని, కొందరు తవ్వుతుంటే కొందరు గంపలకెత్తుతున్నారని, ఇంకొందరు మట్టి జల్లిస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

కుక్ పేరు కూడా ఎత్తారు కదా. ఆయన కాలానికి కథ మారిపోయింది. 1768లో ఎండెవర్ ఓడని పంపింది వర్తకులు కాదు, నౌకాదళం, రాయల్ సొసైటీ కలిసి. పైకి చెప్పిన పని తహితి నుంచి శుక్రగ్రహం సూర్యుడి మీదుగా పోవడాన్ని గమనించడం, కవరులో పెట్టి ఇచ్చిన రహస్య ఆదేశం దక్షిణాన కొత్త ఖండం వెతకడం. న్యూజిలాండ్ తీరమంతా పటం గీయడం మామూలు పని కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ అక్కడ కూడా పక్కన తుపాయా ఉన్నాడు. రాయాతియా దీవికి చెందిన పూజారి, నావికుడు. పదుల కొద్దీ దీవుల దిక్కులు నోటికొచ్చు. న్యూజిలాండ్‌లో మావోరీలతో మాట్లాడి దుబాసీ పని చేసింది ఆయనే. ఇంగ్లండు చూడకుండానే 1770లో బటావియాలో (ఇప్పటి జకార్తా) జబ్బుచేసి చనిపోయాడు.

ప్రాజెక్టు ఎలా చేయాలంటే నా సలహా ఇది. చార్టు మీద ఫిచ్ దారి గీయించండి. లండన్, ట్రిపోలీ, అలెప్పో, బాగ్దాద్, బస్రా, హోర్ముజ్, గోవా, బీజాపూర్, గోల్కొండ, ఆగ్రా, పాట్నా, సాత్‌గావ్, పెగూ, మలక్కా వరసగా గుర్తు పెడితే చాలు. ఒక్కో ఊరి పక్కన రెండు చిన్న గళ్ళు వేయమనండి. ఒక గడిలో అక్కడ ఏ సరుకు చూశాడో, రెండో గడిలో ఆ ముక్క దారి ఎవరితో కలిసి వెళ్ళాడో రాయాలి. గోవాలో జైలు బొమ్మ, ఆగ్రా దగ్గర పడవల బొమ్మ వేస్తే పిల్లలకి సరదాగా ఉంటుంది. ఫిచ్ బందరు వచ్చాడని మాత్రం రాయొద్దు, టీచరు పట్టుకుంటే ఇబ్బంది. ఆయన గోల్కొండ దాకా వచ్చాడు, బందరు గురించి అక్కడ విన్నదే రాశాడు. గ్లోబ్ ఓడని వేరే రంగులో బందరు దగ్గర చూపించి పక్కన 1611 వేయండి. జాగా మిగిలితే వెంకటాద్రి కథ రాయమనండి, క్లాసులో అది చదివితే అందరూ వింటారు.